నల్ల కారు మీద సాలెగూడు గీతలు: చేత్తో రుద్దితే ఎంతవరకు పోతాయి

మీరు అడిగింది ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, మూడేళ్ళు తిరిగిన నల్ల కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. పగలు నీడలో అద్దంలా ఉంటుంది. రాత్రి పెట్రోలు బంకు లైట్ల కింద ఆపితే మాత్రం బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్న గీతలు. షాపులో మిషన్ పాలిష్‌కి ఎనిమిది వేలు చెప్పారు. చేత్తో రుద్ది పోగొట్టుకోవచ్చా, టూత్‌పేస్ట్ పనిచేస్తుందా, ఇంట్లో పాత బనియన్ గుడ్డలు సరిపోతాయా అని మీ సందేహం.

పోతాయండీ. కానీ అన్నీ పోవు. చేత్తో ఓపిగ్గా చేస్తే నూటికి అరవై, డెబ్బై వంతులు తగ్గుతాయి. మిగతావి వెతికితే తప్ప కనపడవు. ఆ మిగిలినవాటి కోసం పంతానికి పోయినవాళ్ళే పెయింటు పాడుచేసుకుంటారు. అందులో నేనూ ఒకణ్ణి, ఆ సంగతి తర్వాత చెప్తాను. విజయవాడ ఆటోనగర్‌లో పెయింటు షెడ్డులో పన్నెండేళ్ళు చేశాను, ఎనిమిదేళ్ళుగా ఇళ్ళకు వెళ్ళి పాలిష్ చేస్తున్నాను. మిషన్ నాకు ఉంది. అయినా డోరు హ్యాండిళ్ళ దగ్గర, అద్దాల మూలల్లో ఇప్పటికీ చేత్తోనే రుద్దుతాను.

ముందు ఆ గీతల సంగతి. అవి గుండ్రంగా కనిపిస్తాయి గానీ నిజానికి గుండ్రంగా ఉండవు. వంటింట్లోంచి పాత స్టీలు కంచం ఒకటి తెచ్చి బల్బు కింద పట్టుకోండి. మెరుపు చుట్టూ వలయాలు వలయాలుగా గీతలు కనిపిస్తాయి. కంచం కొంచెం జరపండి, ఆ వలయాలు కూడా మెరుపుతో పాటే జరుగుతాయి. అంటే గీతలు కంచమంతా అన్ని దిక్కులా ఉన్నాయి, వెలుగుకు అడ్డంగా పడ్డవి మాత్రమే మెరిసి మన కంటికి వలయంలా తోస్తున్నాయి. పీచుతో తోమీ తోమీ కంచానికి ఏం జరిగిందో మీ బానెట్‌కీ అదే జరిగింది. తెల్ల కారుకైనా ఇవి ఉంటాయి, కనపడవంతే. నల్ల కారు కొన్నవాడికి నిద్ర పట్టదని మా షెడ్డులో ఊరికే అనేవాళ్ళు కాదు.

కంపెనీ పెయింటులో రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపి చాలా కార్లకు 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే కారుకు మెరుపునిచ్చేదీ, ఎండకు రంగు వెలిసిపోకుండా కాచేదీ వెంట్రుక కన్నా పల్చటి పొర అన్నమాట. మీ గీతలు ఉన్నది ఆ పొరలోనే, అదీ పైపైన.

పాలిష్ చేస్తే గీత పూడిపోతుందని చాలామంది అనుకుంటారు. గీత పూడదు. దాని రెండు పక్కలా ఉన్న గట్టును కొద్దికొద్దిగా చెక్కుతూ, గీత అడుగు ఎంత లోతుందో అక్కడిదాకా దింపుతాం. గట్టు లేకపోతే కాలవ ఎక్కడిది? కాబట్టి పాలిష్ చేసిన ప్రతిసారీ క్లియర్ కొంత తగ్గుతుంది, మళ్ళీ పెరగదు. సన్న గీతల కోసం ఎప్పుడో ఒకసారి కొద్దిగా తీస్తే ఫరవాలేదు. ఏటా దసరాకి ఒక రబ్బింగ్ అంటే మాత్రం కొన్నేళ్ళకు టాపు మీద తెల్ల పొలుసులు లేస్తాయి. అలాంటి పాత కార్లు మీరూ రోడ్డు మీద చూసే ఉంటారు.

ఇక ఈ గీతలు ఎవరు పెట్టారంటే, చాలావరకు కారును బాగా చూసుకునేవాళ్ళే. పొద్దున్నే పొడి గుడ్డతో కారు తుడవడం మనకు పళ్ళు తోముకోవడం లాంటిది. గుంటూరు, విజయవాడ మధ్య హైవే మీద ఇసుక లారీల వెనక వచ్చిన కారు మీద రాత్రంతా ఆ ఇసుక దుమ్ము పరుచుకుని ఉంటుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ క్లియర్ కోట్ కన్నా ఎంతో గట్టిది. పొడి గుడ్డతో తుడవడమంటే ఆ గుడ్డకి ఇసుక అద్ది పెయింటు మీద రుద్దడమే. అపార్టుమెంట్లలో ఇంకో అడుగు ముందుకేసి ఒకే బకెట్టు నీళ్ళతో, ఒకే గుడ్డతో వాచ్‌మన్ పది కార్లు తుడుస్తాడు. ఆయన తప్పు కాదు, ఆయనకిచ్చింది ఒక్క బకెట్టే. వాటర్ సర్వీసింగ్‌లో అయితే బైకు చెయిను దగ్గర వాడిన స్పాంజే మీ బానెట్ మీదకీ వస్తుంది.

పూజ సంగతీ చెప్పాలి. కొత్త కారు ఇంద్రకీలాద్రికి తీసుకెళ్ళి అమ్మవారి దగ్గర పూజ చేయించాక బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, దాని మీద కుంకుమ. భక్తి కొద్దీ వారం రోజులు అలాగే ఉంచుతారు. ఎండిన ముద్దను తర్వాత గోళ్ళతో, గిన్నెల పీచుతో గోకుతారు. చాలా నల్ల కార్ల మీద నేను చూసిన మొదటి గీతలు సరిగ్గా స్వస్తిక్ ఉన్నచోటే! తడి గుడ్డ దాని మీద పరిచి పదిహేను నిమిషాలు వదిలేస్తే ముద్ద నానుతుంది, నీళ్ళు పోస్తే జారిపోతుంది. కాస్త పసుపు మరక మిగిలినా కంగారు పడకండి, ఎండకు అదే వెలిసిపోతుంది.

ఇప్పుడు మీ కారు దగ్గరకు వద్దాం. కడిగి ఆరిన బానెట్ మీద రాత్రిపూట ఫోను టార్చి పెట్టి చూడండి. గీతకు అడ్డంగా గోరు నడపండి. గోరు తట్టుకుందంటే అది పాలిష్‌తో పోయే గీత కాదు, దాన్ని మరిచిపోండి. గోరు నున్నగా జారితే మన పరిధిలోనిదే.

సెకండ్‌హ్యాండ్ కారు కాబట్టి ఇంకో సంగతి చూసుకోవాలి. ఏదైనా డోరో, ఫెండరో మళ్ళీ పెయింటు వేసిందా? రబ్బరు బీడింగ్ అంచున రంగు తుంపర్లు, డోరు బోల్టుల మీద స్పానరు పెట్టిన గుర్తులు, పక్క ప్యానెల్‌తో పోలిస్తే నారింజ తొక్కలా ఎక్కువ గరుకు కనిపిస్తే వేసినట్టే. షెడ్డులో వేసిన క్లియర్ ఎక్కడ ఎంత మందముందో కంటికి తెలియదు. ఆ ప్యానెల్ మీద సన్న పాలిష్ తప్ప ఇంకేమీ వాడకండి.

సరంజామా పెద్దగా ఏమీ లేదు. చేత్తో వాడే కాంపౌండ్ (క్లియర్‌ని అరగదీసే ముద్ద) ఒకటి, అంతకన్నా మెత్తగా అరగదీసే సన్న పాలిష్ ఒకటి, అరచేతిలో ఇమిడే ఫోమ్ అప్లికేటర్లు, అంటే రుద్దే ప్యాడ్లు, ఒక నాలుగైదు, మైక్రోఫైబర్ గుడ్డలు ఒక డజను, మాస్కింగ్ టేపు, కారు షాంపూ, పెయింటుకు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి మట్టి ముద్ద, అంటే చిన్న క్లే బార్. కాంపౌండ్ విషయంలో నా సలహా మెగ్వయర్స్ వాళ్ళ అల్టిమేట్ కాంపౌండ్ లాంటిది, చేత్తోనూ మిషన్‌తోనూ వాడుకునేలా చేసింది. పెయింటు షాపుల్లో డబ్బాల్లో దొరికే ముతక రబ్బింగ్ కాంపౌండ్ మాత్రం వద్దు. అది పెయింటర్లు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) కొట్టాక ఆ గీతలు తీయడానికి వాడేది. సాలెగూడు తీసి దాని స్థానంలో ముళ్ళకంచె పెట్టినట్టవుతుంది.

టూత్‌పేస్ట్ అడిగారు. అందులోనూ అరగదీసే పొడి ఉంటుంది, అందుకే కొంచెం పనిచేసినట్టు అనిపిస్తుంది. కానీ ఆ పొడి పంటి కోసం తయారుచేసింది, కారు కోసం కాదు. ఎంత కోస్తుందో లెక్క లేదు, తొందరగా ఎండిపోతుంది, నల్ల పెయింటు మీద మబ్బు పట్టినట్టు వదిలిపెడుతుంది. ఇక కొబ్బరినూనె, డీజిల్ రాసేవాళ్ళు ఉన్నారు. నూనె గీతలో నిండి రెండు రోజులు కనపడకుండా చేస్తుంది, మూడో రోజుకి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. బనియన్ గుడ్డ మెత్తగానే ఉంటుంది, కానీ నేత చదునుగా ఉంటుంది, దుమ్ము రేణువు లోపలికి పోయే చోటు లేక పెయింటుకూ గుడ్డకూ మధ్య దొర్లుతుంది. మైక్రోఫైబర్‌కి కుచ్చు ఉంటుంది, రేణువు అందులోకి పోతుంది. బనియన్ గుడ్డలు చక్రాలకు ఉంచండి. మైక్రోఫైబర్ గుడ్డకు అంచున కుట్టిన లేబుల్ కత్తిరించెయ్యండి, అదీ గీస్తుంది. కింద పడిన గుడ్డ ఎంత ఖరీదైనదైనా ఆ రోజుకి పక్కన పెట్టాల్సిందే.

కడగడం రెండు బకెట్లతో. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు. ఒక ప్యానెల్ రుద్దాక చేతి గ్లవ్ ఉత్త నీళ్ళలో జాడించి, ఆ తర్వాతే మళ్ళీ షాంపూలో ముంచాలి. చివర్లో ఉత్త నీళ్ళ బకెట్టు అడుగున చూడండి, ఒక చెంచాడు ఇసుక కనిపిస్తుంది. బోరు నీళ్ళయితే ఉప్పు మరకలు పడతాయి, వెంటనే ఆరబెట్టాలి. మున్సిపల్ నీళ్ళు వచ్చే వేళ రెండు బకెట్లు పట్టి పెట్టుకుంటే నయం.

కడిగాక పల్చటి ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి బానెట్ మీద నిమరండి. మామూలుగా తెలియని గరుకు కవరులోంచి స్పష్టంగా తెలుస్తుంది. అది బ్రేకుల ఇనుప రజను, తారు చుక్కలు, చెట్ల జిగురు. షాంపూ నీళ్ళు బాగా చల్లి క్లే బార్ బలం పెట్టకుండా జార్చండి, నున్నగా అయ్యేదాకా. క్లే చెయ్యకుండా పాలిష్ మొదలుపెడితే ఆ రజనే ప్యాడ్ కింద తిరుగుతుంది.

ఇక అసలు పని. మన ఎండలు తెలిసినవే, మే నెలలో నల్ల బానెట్ మీద చెయ్యి ఆనించలేం. వేడి రేకు మీద కాంపౌండ్ రెండు నిమిషాల్లో ఎండి పొడవుతుంది. తెల్లవారి అయిదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికల్లా ఆపెయ్యండి, లేదా సెల్లారులో రాత్రిపూట చెయ్యండి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు, బానెట్ మీద గీతలా లేచిన మడతలకు, ప్యానెల్ అంచులకు టేపు వెయ్యండి. ప్లాస్టిక్‌కు కాంపౌండ్ అంటితే తెల్ల మరక అంత సులువుగా వదలదు.

మొదటి రోజు కారంతా వద్దు, బానెట్ కూడా వద్దు. బానెట్ మీద ఒక మూల ఏ ఫోర్ కాగితం అంత చోటు టేపుతో కట్టుకోండి. అప్లికేటర్ మీద శనగ గింజంత చుక్కలు నాలుగు పెట్టి, ముందు బలం లేకుండా ఆ చోటంతా పులమండి. తర్వాత నిలువుగా వెళ్ళి రావడం, ప్రతి వరుసా పక్క వరుస మీదకు సగం ఎక్కేలా. అది అయ్యాక అదే చోట అడ్డంగా. దోసె పెనం మీద సగం కోసిన ఉల్లిపాయ రుద్దుతారు చూడండి, దానికన్నా కొంచెం ఎక్కువ బలం. వేలి కొనలతో కాకుండా అరచెయ్యి మొత్తం ఆనించి రుద్దాలి, లేకపోతే బలమంతా నాలుగు వేళ్ళ కిందే పడి నాలుగు చారలు మిగులుతాయి. గుండ్రంగా కన్నా తిన్నగా రుద్దడమే నాకిష్టం, ఎందుకంటే మన చేతివాటం గీతలు ఏవైనా మిగిలితే అవి అన్ని వైపుల నుంచీ కనపడవు.

రెండు మూడు నిమిషాలకు ఆ తెల్లటి ముద్ద పల్చటి నూనె పొరలా, దాదాపు కనపడకుండా మారుతుంది. అప్పుడు ఆపి తుడవండి. మొదట్లో ప్యాడ్ కింద సన్నగా గరగరమనే శబ్దం, చివరికి అది నున్నటి జారుడుగా మారడం చేతికి తెలుస్తుంది. ఒకటి రెండుసార్లు చేశాక మీకే వస్తుంది. టార్చి వేసి, టేపు లోపలి చోటునూ బయటి చోటునూ పక్కపక్కన పోల్చి చూడండి. అక్కడే మీ నమ్మకం కుదరాలి. ఇంకా చాలా ఉంటే అదే చోట ఇంకోసారి. మూడోసారి తర్వాత కూడా మారలేదంటే మీ క్లియర్ గట్టిది, చేతి బలం చాలదు. కారు కారుకీ క్లియర్ గట్టితనంలో తేడా ఉంటుంది, కొన్నిటికి రెండు రుద్దులకే గీతలు పోతాయి, కొన్నిటికి చెయ్యి నొప్పి తప్ప ఏమీ మిగలదు.

కాంపౌండ్ తర్వాత నల్ల పెయింటు మీద కొంచెం మసక కనిపించవచ్చు. కొత్త ప్యాడ్‌తో సన్న పాలిష్ అదే పద్ధతిలో, బలం సగానికి తగ్గించి రుద్దితే మసక పోయి నలుపు నిండుగా వస్తుంది. కాంపౌండ్ పూసిన ప్యాడ్‌ని పాలిష్‌కి వాడకండి.

ఒక మాయ గురించి జాగ్రత్త. కొన్ని పాలిష్‌లలో నూనెలు, గీతల్ని నింపే పదార్థాలు ఉంటాయి. ఆ పూట అద్భుతం, నాలుగు కడుగుళ్ళకు గీతలు మళ్ళీ ప్రత్యక్షం. నిజం తెలియాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్ళు కలిపి చల్లి తుడవండి, నూనె పోయి అసలు పెయింటు బయటపడుతుంది. ఇంట్లో మిగిలిన శానిటైజర్ వాడొద్దు. దాంట్లో గ్లిజరిన్ లాంటివి ఉంటాయి, అది తన పొర తనే వదులుతుంది.

నా కథ చెప్తానన్నాను. షెడ్డులో చేరిన మూడో ఏడు, పటమట నుంచి ఒక మెరూన్ కారు వచ్చింది. బానెట్ మధ్యలో లేచిన మడత మీద ఒక్క గీత వదలడం లేదు. ముతక కాంపౌండ్ తీసుకుని రెండు వేళ్ళతో ఆ ఒక్క చోటే రుద్దుతున్నాను. మెరుపు వస్తోంది, గీత తగ్గుతోంది, నాకు హుషారు పెరుగుతోంది. గుడ్డ తిప్పి చూస్తే మెరూన్ మరక. గుండె జారిపోయింది. గుడ్డకు తెలుపో బూడిద రంగో అంటాలి గానీ కారు రంగు అంటిందంటే క్లియర్ అయిపోయి రంగు పొర మీదకు వచ్చినట్టే. అంచుల మీద, మడతల మీద పెయింటు ఎప్పుడూ పల్చగానే ఉంటుంది, పైగా బలమంతా ఆ సన్న గీత మీదే పడుతుంది. బానెట్ మొత్తం మళ్ళీ పెయింటు వేయించాల్సి వచ్చింది, రెండు నెలల జీతం అందులో పోయింది. టేపు గురించి అంతగా చెప్పింది అందుకే. కొన్ని పాత కార్లకు క్లియర్ లేకుండా రంగే పై పొరగా ఉంటుంది, వాటికి మొదటి రుద్దుకే గుడ్డకు రంగు వస్తుంది, అది వేరే లెక్క. మూడేళ్ళ కారుకు రాకూడదు.

బానెట్ ఒక్కటే చేత్తో రెండు గంటలు పడుతుంది, భుజం మర్నాడు గుర్తుచేస్తుంది. కారంతా ఒకే ఆదివారం పెట్టుకుంటే చివరి డోరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రుద్దుతుందే గానీ కన్ను చూడదు. నా మాట వింటే బానెట్, డోర్ల పై సగాలు, డిక్కీ మూత చేసుకోండి, మూడు నాలుగు ఆదివారాలు. టాపు వదిలెయ్యండి. అక్కడ ఎండ దెబ్బ ఎక్కువ, క్లియర్ అక్కడే ఎక్కువ కావాలి, ఎవరూ ఎక్కి చూడరు. డోర్ల కింది భాగం కూడా వదిలెయ్యండి, రెండు వానలకు మళ్ళీ మొదటికే వస్తుంది.

అయ్యాక పెయింటుకు కాపు పొరగా మైనమో సీలెంటో తప్పకుండా పట్టించండి. కార్నౌబా మైనం నల్ల కారుకు అందమే, కానీ మన ఎండలకు ఎక్కువ రోజులు నిలవదు, సింథటిక్ సీలెంట్ నయం. సెరామిక్ కోటింగ్, అంటే పెయింటు మీద గట్టిగా అతుక్కునే రక్షణ పొర, వేయించుకుంటే గీతలు పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. గీతలు తీయకుండా వేస్తే వాటి మీదే పడి లోపల దాచుకుంటుంది. వేసిన తర్వాతా పొడి గుడ్డకి అదేమీ అడ్డం కాదు.

ఆ ఎనిమిది వేల షాపు సంగతి. చేత్తో పరీక్ష చోట ఫలితం రాకపోతే మిషనే దారి, అందులో తప్పులేదు. అయితే రెండు మాటలు అడగండి: డీఏ మిషనా (ప్యాడ్ తిరుగుతూనే ఊగుతుంది), రోటరీయా (ప్యాడ్ ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతుంది)? పెయింటు మందం కొలిచే మీటరు ఉందా? రోటరీ మీద ఉన్ని ప్యాడ్ పెట్టి తొందరగా తిప్పేసే చోట నల్ల కారు ఇస్తే గీతలు పోయి వాటి బదులు ఎండలో కదిలే పొగ చారలు వస్తాయి, వాటినే హోలోగ్రామ్స్ అంటారు. అవి తీయడానికి మళ్ళీ ఇంకో పాలిష్. మీటరు పెట్టి నాలుగు చోట్ల కొలిచి, ఒక చోట చేసి చూపించి, ఆ తర్వాతే రేటు మాట్లాడేవాడైతే ఎనిమిది వేలు ఎక్కువేమీ కాదు.

పొద్దున్నే తుడిచే అలవాటు మానలేకపోతే, ముందు నీళ్ళు పోసి దుమ్ము జారనిచ్చి, తర్వాత తడి మైక్రోఫైబర్‌తో ఒకే దిక్కుకు లాగండి. నీళ్ళు లేని రోజు దుమ్ముతోనే వెళ్ళండి. వాచ్‌మన్‌కి కూడా మీ కారుకు పొడి గుడ్డ వద్దని చెప్పి, అతనికిచ్చే డబ్బు మాత్రం తగ్గించకండి. లేకపోతే మీరు చూడనప్పుడు అలవాటుగా తుడిచేస్తాడు.

పరీక్ష చోటు చేశాక రాత్రి టార్చి వెలుగులో ఫోటో తీసి పంపండి, టేపు తీయకుండా. లోపలా బయటా తేడా ఎంతుందో చూస్తే కాంపౌండ్ ఇంకోసారి వెయ్యాలో, సన్న పాలిష్‌కి దిగిపోవాలో చెప్తాను.